జిల్లాకో వెంచర్ ఫండ్ సాధ్యమేనా? శ్రీకాకుళం, విజయనగరం లెక్క

భోగాపురం విమానాశ్రయం, మూలపేట పోర్టు పనులు మొదలైన దగ్గర్నుంచి ఉత్తరాంధ్రలో చదువుకున్నవాళ్లు నలుగురు కలిస్తే స్టార్టప్‌ల మాట వస్తోంది. 2025 ఆగస్టులో అమరావతిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ మొదలైంది. దానికి అనుబంధంగా విశాఖపట్నం, రాజమహేంద్రవరం, విజయవాడ, తిరుపతి, అనంతపురాల్లో ఐదు ప్రాంతీయ కేంద్రాలు పెట్టారు. శ్రీకాకుళానికీ విజయనగరానికీ సొంత కేంద్రం రాలేదు. ఈ రెండు జిల్లాలకూ విశాఖే దిక్కు.

ఆ వెలితిలోంచే తరచూ ఒక ప్రతిపాదన వినిపిస్తోంది. “మనోళ్లు హైదరాబాదులో, అమెరికాలో ఇంతమంది ఉన్నారు కదా, తలా లక్ష వేసుకుంటే మన జిల్లాకే ఒక వెంచర్ క్యాపిటల్ ఫండ్ పెట్టుకోవచ్చు” అని. ఆలోచన వెనక ఉన్న మనసు మంచిదే. అయితే ఇందులో వేర్వేరు విషయాలు మూడు కలిసిపోయాయి. ఫండ్ లెక్క ఎలా తేలుతుందన్నది మొదటిది. పదిమంది దగ్గర డబ్బు పోగుచేయడానికి చట్టం ఏం అడుగుతుందన్నది రెండోది. అసలు పెట్టుబడి పెట్టదగ్గ కంపెనీలు ఎలా పుడతాయన్నది మూడోది. వీటిని విడదీసి చూస్తే, ఈ పని నెత్తికెత్తుకునే స్థానిక నాయకుడు ముందు దేని మీద చెయ్యి వేయాలో తెలుస్తుంది.

జీడిపప్పు యూనిట్‌కు కావలసిన డబ్బు వేరు, స్టార్టప్‌కు కావలసిన డబ్బు వేరు

పలాస-కాశీబుగ్గలో ఒక జీడిపప్పు యూనిట్‌ను తీసుకుందాం. పిక్కలు కొని ఎండబెడతారు, ఆవిరి మీద ఉడికిస్తారు, ఆరాక పగలగొట్టి పప్పు తీస్తారు, ఓవెన్‌లో వేడిచేసి పొట్టు ఒలుస్తారు, చివరికి గుండు, బద్ద, ముక్క అని వేరుచేసి డబ్బాలకు ఎత్తుతారు. 80 కిలోల పిక్కల బస్తాకు నాణ్యతను బట్టి ఇంచుమించు 22 శాతం, అంటే 17, 18 కిలోల పప్పు వస్తుంది. గుండ్లలోనూ సైజుల తేడా ఉంటుంది. డబ్ల్యూ-320 అంటే పౌనుకు 300 నుంచి 320 గుండ్లు తూగేవి. డబ్ల్యూ-180 అంటే అంతకంటే బాగా పెద్దవి, ధర కూడా ఎక్కువ.

ఈ యజమానికి డబ్బు అవసరమయ్యేది వేసవిలో, పిక్కలు మార్కెట్‌కు వచ్చినప్పుడు. సరుకు కొని నిల్వ పెట్టుకోవాలి, పప్పు అమ్ముడుపోయాక డబ్బు తిరిగొస్తుంది. ఇలాంటి అవసరానికి తగింది బ్యాంకు క్యాష్ క్రెడిట్, అంటే కావలసినప్పుడు పరిమితి మేరకు వాడుకుని తిరిగి కట్టే అప్పు. తాకట్టు చాలకపోతే చిన్న పరిశ్రమల అప్పులకు హామీ ఇచ్చే సీజీటీఎంఎస్ఈ ట్రస్టు గ్యారంటీ ఉంది, 2025 ఏప్రిల్ నుంచి దాని పరిమితి రూ. 10 కోట్లకు పెరిగింది. వడ్డీ కట్టేస్తే వ్యాపారం మొత్తం ఆయనదే. ఏడాదికి పది శాతం పెరిగినా అది చక్కటి వ్యాపారమే, ఊళ్లో ఎంతోమందికి జీతాలిచ్చే వ్యాపారం.

వెంచర్ క్యాపిటల్ అప్పు కాదు. కంపెనీలో వాటా తీసుకుని ఇచ్చే డబ్బు. కంపెనీ మూతపడితే ఇన్వెస్టరుకు ఏమీ రాదు, వ్యవస్థాపకుడు తిరిగి కట్టక్కర్లేదు. ఆ రిస్కుకు బదులుగా, కంపెనీ కొన్నేళ్లలో చాలా రెట్లు పెరిగి, తన వాటాను ఎవరో పెద్ద ధరకు కొనాలన్నది ఇన్వెస్టరు ఆశ. కాబట్టి వేగంగా అనేక రెట్లు పెరిగే వీలున్న కంపెనీకే ఈ డబ్బు నప్పుతుంది. అలాంటి కంపెనీనే ఈ అర్థంలో స్టార్టప్ అంటున్నాం. సొంత జేబులోంచి తొలిదశలో పెట్టేవాళ్లు ఏంజెల్ ఇన్వెస్టర్లు. ఇతరుల డబ్బు కూడగట్టి, దాన్ని నడిపించే వృత్తి మేనేజర్ల ద్వారా పెట్టేది వెంచర్ ఫండ్.

మన ప్రాంతంలో మిగులు డబ్బుకు అలవాటైన దారులు రెండు: భూమి, వడ్డీ. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం, అదీ నెలనెలా చేతికొస్తుంది. భోగాపురం చుట్టుపక్కల ప్లాటు కొన్నవాళ్లు కళ్లముందే కనిపిస్తున్నారు. స్టార్టప్ వాటా ఏడేళ్లో ఎనిమిదేళ్లో ఒక్క రూపాయి ఇవ్వదు, చివరికి సున్నా కూడా కావచ్చు. స్థానిక ఇన్వెస్టరును ఒప్పించాలనుకునే నాయకుడు ఈ పోలికను దాటవేయకూడదు, ముందే ఒప్పుకోవాలి. “మంచి లాభాలొస్తాయి” అని తీసుకొచ్చిన మనిషి రెండో ఏటనే వడ్డీ అడుగుతాడు. పోయినా తట్టుకోగల సొమ్మే పెట్టమని చెప్పి తీసుకొచ్చిన మనిషి నిలబడతాడు.

పలాస గ్రేడింగ్ బల్ల దగ్గర మొదలయ్యే లెక్క

స్థానిక సమస్య మీద స్టార్టప్ కట్టడం ఎలా ఉంటుందో అదే యూనిట్‌లో చూద్దాం. గ్రేడింగ్ బల్ల దగ్గర కూర్చున్న ఆడవాళ్లు పప్పును చేత్తో ఏరి గుండ్లు ఒక పక్కకు, బద్దలు ఒక పక్కకు, ముక్కలు ఒక పక్కకు వేస్తుంటారు. ఒక్కొక్క చీలికా యజమానికి నష్టమే, ఎందుకంటే గుండుకూ ముక్కకూ కిలో ధరలో తేడా ఉంది. చీలికలు పగలగొట్టే చోటే పుడతాయి, పొట్టు ఒలిచే చోట ఇంకా పెరుగుతాయి. తేమ తగ్గితే పప్పు పెళుసవుతుంది, పెరిగితే పొట్టు వదలదు. ఇద్దరు ఇంజనీరింగ్ కుర్రాళ్లు తేమ కొలిచి ఓవెన్ వేడిని దానంతటదే సర్దే పరికరం చేశారనుకుందాం.

యూనిట్ రోజుకు 10 బస్తాలు, అంటే 800 కిలోల పిక్కలు ఆడితే పప్పు 176 కిలోలు. పరికరం వల్ల చీలికలు నూటికి 5 తగ్గాయనుకుంటే, రోజూ 8.8 కిలోలు ముక్కల్లోంచి గుండ్లలోకి మారతాయి. రెండింటి మధ్య తేడా కిలోకు రూ. 150 అనుకుంటే రోజుకు రూ. 1,320. ఏడాదికి 250 రోజులు పని జరిగితే రూ. 3.3 లక్షలు. పెట్టిన డబ్బు రెండేళ్లలో తిరిగి రావాలని చూసే యజమాని ఈ పరికరానికి ఆరున్నర లక్షలకు మించి ఇవ్వడు. అందులో సర్వీసు, పాడైతే మార్చే భాగాలు, సీజన్‌లో ఆగిపోతే జరిగే నష్టం అన్నీ ఆలోచిస్తాడు. బహుశా నాలుగు లక్షల దగ్గర బేరం తెగుతుంది.

ఇప్పుడు 200 యూనిట్లు కొన్నాయనుకున్నా మొత్తం అమ్మకం రూ. 8 కోట్లు, అదీ ఒక్కసారి. చిన్న కంపెనీకి అది గొప్ప ఆరంభం, వెంచర్ ఫండ్‌కు మాత్రం చాలదు. ఈ కంపెనీ పెరగాలంటే పలాసలో నేర్చుకున్నదాన్ని కొల్లం, మంగళూరు, పన్రుటి యూనిట్లకు, ఆ తర్వాత వియత్నాం, పశ్చిమ ఆఫ్రికాకు అమ్మగలగాలి. సమస్య, మొదటి కస్టమరు మన ఊళ్లో ఉండవచ్చు, మార్కెట్ మాత్రం మన ఊరి అంత ఉంటే చాలదు. ఎందుకు చాలదో ఫండ్ లెక్క చూస్తే తేటతెల్లమవుతుంది.

రూ. 20 కోట్ల ఫండ్ ఎంత తిరిగి తేవాలి

భారతదేశంలో వెంచర్ ఫండ్లు పెట్టుబడి మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2012 నాటి ప్రత్యామ్నాయ పెట్టుబడి నిధుల నిబంధనల కింద నమోదవుతాయి. వీటినే ఏఐఎఫ్‌లు అంటారు. ఒక పథకానికి కనీస నిధి రూ. 20 కోట్లు. సరిగ్గా అంతే ఉందనుకుందాం.

మేనేజర్లు ఏడాదికి 2 శాతం ఫీజు తీసుకోవడం వాడుక. ఎనిమిదేళ్లకు అది రూ. 3.2 కోట్లు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే దాదాపు రూ. 3.8 కోట్లు. ట్రస్టీ, ఆడిట్, లాయరు, సెబీ రుసుములు పోను కంపెనీల్లోకి వెళ్లేది ఇంచుమించు రూ. 16 కోట్లు. దాన్ని 12 కంపెనీల్లో సమానంగా పెట్టారనుకుంటే ఒక్కోదానికి రూ. 1.33 కోట్లు.

డబ్బిచ్చినవాళ్లు ఏడాదికి 15 శాతం చక్రవడ్డీతో సమానమైన రాబడి కోరుకుంటే, మొదటి రోజే మొత్తం ఇచ్చారన్న లెక్కన ఎనిమిదేళ్లకు రూ. 20 కోట్లు రూ. 61 కోట్లు కావాలి. ఆచరణలో డబ్బు విడతలుగా అడిగి తీసుకుంటారు కనుక కొంచెం తగ్గుతుంది. అయితే లాభంలో మేనేజరు తీసుకునే వాటా, మామూలుగా 20 శాతం, అదనం.

12 కంపెనీల్లో 6 మూతపడ్డాయి, 3 అసలు మాత్రం తిరిగిచ్చాయి, 2 మూడు రెట్లిచ్చాయి అనుకుందాం. తొలిదశ పెట్టుబడుల్లో ఇది పాడు ఫలితమేమీ కాదు. వచ్చింది 4 కోట్లు, 8 కోట్లు, మొత్తం రూ. 12 కోట్లు. మిగిలిన రూ. 49 కోట్లు పన్నెండో కంపెనీ ఒక్కటే తేవాలి. కొత్త ఇన్వెస్టర్లు చేరేకొద్దీ అప్పటికి అందులో ఫండ్ వాటా 8 శాతానికి తగ్గి ఉంటే ఆ కంపెనీ విలువ రూ. 612 కోట్లు ఉండాలి.

ఈ అంకెను మనసులో పెట్టుకుని, జిల్లాలో ఏటా అలాంటి వీలున్న కంపెనీలు ఎన్ని పుడుతున్నాయో లెక్కవేయాలి. 12 కంపెనీలు ఎంచుకోవాలంటే కనీసం రెండు, మూడు వందలు చూడాలి. జిల్లా సరిహద్దు గీసుకుని కూర్చున్న ఫండ్‌కు అన్ని దొరకవు. దొరక్కపోతే రెండే జరుగుతాయి: తగని వ్యాపారాల్లో డబ్బు పోస్తారు, లేదా హైదరాబాదు, బెంగళూరు కంపెనీల్లో పెట్టి పేరుకు మాత్రం జిల్లా ఫండ్ అంటారు. డబ్బిచ్చిన ఊరివాళ్లకు రెండూ అన్యాయమే.

తలా లక్ష వేసుకుంటే చట్టం ఏమంటుంది

ఏఐఎఫ్‌లో మామూలు వ్యక్తి కనీసం రూ. కోటి పెట్టాలి. కాబట్టి తలా లక్ష అన్నది ఈ దారిలో కుదరదు. ఏంజెల్ ఫండ్ అనే తేలికైన రకం ఉండేది. 2025 సెప్టెంబరులో సెబీ దాని నిబంధనలు మార్చి, ఇకపై అక్రెడిటెడ్ ఇన్వెస్టర్లనే చేర్చుకోవాలంది. అంటే తగినంత ఆదాయం, ఆస్తి ఉన్నాయని అధికారికంగా గుర్తింపు పొందినవాళ్లు. ఒక వ్యక్తికి ఆ గుర్తింపు రావాలంటే ఏడాది ఆదాయం రూ. 2 కోట్లు ఉండాలి, లేదా నికర ఆస్తి రూ. 7.5 కోట్లు ఉండాలి, లేదా ఆదాయం రూ. కోటితోపాటు నికర ఆస్తి రూ. 5 కోట్లు ఉండాలి; ఆస్తి లెక్కన వచ్చేవాళ్లకు అందులో సగం షేర్లు, డిపాజిట్ల వంటి ఆర్థిక ఆస్తుల్లో ఉండాలి. పొలాలు, ప్లాట్లు ఎంత ఉన్నా ఆ సగం లెక్కలోకి రావు. మన దగ్గర ఆస్తిపరులు చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

మరి సొసైటీ పెట్టో, ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థ) పెట్టో, ఎవరో పెద్దమనిషి ఖాతాలోనో డబ్బు పోగుచేసి స్టార్టప్‌ల్లో పెడితే? పదిమంది డబ్బు కలిపి, ఒకరి నిర్ణయంతో పెట్టుబడులు పెట్టడమంటే సెబీ నమోదు లేకుండా ఫండ్ నడపడమే. పైగా “ఏడాదికి ఇంత ఖాయం” అన్న మాట తోడైతే అది డిపాజిట్ అవుతుంది, అప్పుడు 2019 నాటి అనియంత్రిత డిపాజిట్ పథకాల నిషేధ చట్టం వర్తిస్తుంది. అందులో జైలుశిక్ష ఉంది. అవతలివాళ్లు మనవాళ్లే అన్నది చట్టం ముందు సమాధానం కాదు.

చిన్న మొత్తాలకు సక్రమమైన దారి మరొకటి ఉంది. ప్రతి ఇన్వెస్టరూ తన పేరు మీద, తన బ్యాంకు ఖాతా నుంచి, నేరుగా కంపెనీ షేర్లు కొనడం. దీనికి 2013 కంపెనీల చట్టం 42వ సెక్షన్ వర్తిస్తుంది. ఎవరెవరికి ఆఫర్ ఇస్తున్నారో ముందే పేర్లతో నిర్ణయించాలి, ఏడాదిలో 200 మందికి మించకూడదు. బహిరంగ ప్రకటన ఇవ్వకూడదు. వందలమంది ఉన్న వాట్సాప్ గ్రూపులో “మా కంపెనీ షేర్లు కొనండి” అని పెట్టడం ఇక్కడే చిక్కు తెస్తుంది. షేరు విలువ కట్టే రిజిస్టర్డ్ వాల్యుయర్ నివేదిక, పీఏఎస్-4 అనే ఫారంలో ఆఫర్ లెటర్ కావాలి. డబ్బు విడి బ్యాంకు ఖాతాలో పడాలి, నగదు పనికిరాదు. డబ్బు అందిన 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి, లేకపోతే ఆ తర్వాతి 15 రోజుల్లో తిరిగిచ్చేయాలి. కేటాయించిన 15 రోజుల్లో ఆ వివరాలతో పీఏఎస్-3 ఫారం దాఖలు చేయాలి. అది దాఖలయ్యేదాకా ఆ సొమ్ము ముట్టుకోకూడదు. ఈ చివరి నియమం తెలియక, డబ్బు పడిన మర్నాడే జీతాలిచ్చేసే కంపెనీలు తర్వాతి రౌండులో, అంటే మళ్లీ పెట్టుబడి తెచ్చుకునేటప్పుడు, లాయర్ల తనిఖీకి దొరికిపోతాయి.

విదేశాల్లో ఉన్నవాళ్లకు రెండు పద్ధతులు. డబ్బు, లాభం మళ్లీ బయటికి తీసుకెళ్లే హక్కు వద్దనుకుంటే ఆ పెట్టుబడిని దేశీయ పెట్టుబడిగానే చూస్తారు, కాగితాలు తక్కువ. తీసుకెళ్లే హక్కు కావాలంటే అది విదేశీ పెట్టుబడి. షేర్లు కేటాయించిన 30 రోజుల్లో రిజర్వు బ్యాంకు పోర్టల్‌లో ఎఫ్‌సీ-జీపీఆర్ అనే ఫారం దాఖలు చేయాలి. ఏ పద్ధతో ముందే తేల్చుకోవాలి. డబ్బు ఏ ఖాతాలోంచి వచ్చిందన్నది తర్వాత సరిదిద్దుకోవడం కష్టం.

2012లో వచ్చి స్టార్టప్‌లను, ఏంజెల్స్‌ను వేధించిన ఏంజెల్ ట్యాక్స్ (షేరు ధర సరసమైన విలువకు మించితే ఆ తేడా మీద కంపెనీ కట్టవలసిన పన్ను) బెడద ఇప్పుడు లేదు. 2024 జులై బడ్జెట్‌లో దాన్ని ఎత్తేశారు.

డబ్బు కంటే ముందు నాయకుడు కూడగట్టవలసింది

మధురైలో శివరాజా రామనాథన్ నేటివ్‌లీడ్ ఫౌండేషన్ పెట్టి, చిన్న నగరాల్లోని వ్యాపారులతో స్థానిక ఏంజెల్ బృందాలు కట్టారు. తర్వాత ఆయనే తమిళనాడు ప్రభుత్వ స్టార్టప్ సంస్థకు సారథి అయ్యారు. హుబ్బళ్లిలో పుట్టి అమెరికాలో కంపెనీలు కట్టిన గురురాజ్ దేశ్‌పాండే తన ఫౌండేషన్ డబ్బుతో స్వస్థలంలో ఇంక్యుబేషన్ కేంద్రం, అంటే కొత్త కంపెనీలకు తొలిదశలో చోటు, సలహా ఇచ్చి పెంచే కేంద్రం నిలబెట్టారు. ఒకచోట ఊళ్లోని వ్యాపారులు, ఇంకోచోట ఒక ప్రవాసి సొంత సొమ్ము. రెండు చోట్లా మనుషులను చేరదీయడం ముందు, ఫండ్ తర్వాత.

మన రెండు జిల్లాల్లో ముడిసరుకు ఉంది. ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ, అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, రాజాంలో జీఎంఆర్ఐటీ, టెక్కలిలో ఐతమ్, విజయనగరంలో జేఎన్‌టీయూ-గురజాడ, ఎంవీజీఆర్ వంటి విద్యాసంస్థలు ఉన్నాయి. పైడిభీమవరంలో మందుల ఫ్యాక్టరీలు, బొబ్బిలిలో గ్రోత్ సెంటరు, పలాసలో జీడిపప్పు, ఉద్దానంలో కొబ్బరి, పొడవాటి సముద్రతీరం ఉన్నాయి. రాజాంలో జనపనార మిల్లుతో మొదలైన జీఎంఆర్ గ్రూపు స్థాపకుడు గ్రంధి మల్లికార్జునరావు కథ ఇక్కడ అందరికీ తెలిసిందే. లేనిది ఏమిటంటే కాలేజీకీ ఫ్యాక్టరీకీ మధ్య దారి. విద్యార్థులకు ఫ్యాక్టరీ లోపలి సమస్య తెలియదు, ఫ్యాక్టరీ మేనేజరుకు కాలేజీలో ఎవరున్నారో తెలియదు.

కాబట్టి నాయకుడి మొదటి పని సమస్యల చిట్టా. అదీ “వ్యవసాయంలో ఇబ్బందులు” అన్నట్టు ఉంటే పనికిరాదు. ఏ యూనిట్‌లో, ఏ దశలో, రోజుకు ఎన్ని రూపాయలు పోతున్నాయి, ఇప్పుడు ఎలా సర్దుకుంటున్నారు, పరిష్కారం దొరికితే ఎంత ఇస్తారు, నిర్ణయం ఎవరి చేతిలో ఉంది అన్నవి రాసుకోవాలి. పైన గ్రేడింగ్ బల్ల లెక్క అలాంటిదే. అలాంటివి ఇరవై చేతిలో ఉంటే వంద ఉపన్యాసాల కంటే ఎక్కువ కంపెనీలు పుడతాయని గట్టిగా చెప్పవచ్చు.

రెండోది, మొదటి కస్టమర్లను ఒప్పించడం. కొత్త పరికరాన్ని సీజన్ మధ్యలో ఏ యజమానీ తన లైను మీద పెట్టనివ్వడు. సీజన్ ముగిశాక రెండు వారాలు, పది బస్తాల మీద, పప్పు పాడైతే నష్టం ఎవరిదో రాసుకుని పరీక్షించుకోనిస్తాడు. ఆ మాట కుర్రాళ్లు అడిగితే నడవదు, ఊళ్లో పరపతి ఉన్న మనిషి అడిగితే నడుస్తుంది. నాయకుడి పలుకుబడికి అసలైన ఉపయోగం ఇక్కడే ఉంది, సన్మాన సభల్లో కాదు.

నమూనా తయారీకి వాటా అమ్ముకోనక్కర్లేదు. కేంద్ర సైన్స్, టెక్నాలజీ శాఖ నిధి-ప్రయాస్ పథకం నమూనాకు రూ. 10 లక్షల దాకా గ్రాంటు ఇస్తుంది. 2021లో వచ్చిన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ పథకంలో ఆ పరిమితి రూ. 20 లక్షలు. ఇవన్నీ గుర్తింపు పొందిన ఇంక్యుబేటర్ల ద్వారానే వస్తాయి. దగ్గర్లో ఇంక్యుబేటరు లేకపోతే విశాఖలో ఉన్నదానికి అనుబంధంగా ఇక్కడ ఒక గది, ఒక మేనేజరు ఉంటే తొలి రెండేళ్లు గడుస్తాయి.

ఆ గదికయ్యే ఖర్చు ఎవరు భరిస్తారు? ఇద్దరు ఉద్యోగులకు తలా నెలకు రూ. 30,000, అద్దె రూ. 15,000, ప్రయాణాలు, సమావేశాలకు ఏడాదికి రూ. 3 లక్షలు అనుకుంటే మొత్తం ఏడాదికి రూ. 12 లక్షలు. ప్రభుత్వ నిధులతో నడిచే ఇంక్యుబేటర్లకు ఇచ్చిన సొమ్మును కంపెనీలు సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత ఖర్చు) కింద చూపుకోవచ్చు. ఈ ప్రాంతంలో ఫ్యాక్టరీలున్న పెద్ద కంపెనీలను అడగవలసింది ఇదే. స్టార్టప్‌కు పెట్టుబడి తెచ్చినందుకు కమీషన్ తీసుకుని ఖర్చు వెళ్లదీసుకుందామన్న ఆలోచన మాత్రం మానుకోవాలి. కమీషన్ వచ్చే మనిషి మాట మీద నమ్మకం పోతుంది, అది పోతే నాయకత్వంలో ఇక మిగిలేదేమీ ఉండదు. సంస్థను సెక్షన్ 8 (లాభాపేక్ష లేని) కంపెనీగా నమోదు చేసి, నాయకుడి సొంత పెట్టుబడులను దానికి దూరంగా ఉంచి, ఏ స్టార్టప్‌లో ఆయనకు వాటా ఉందో అందరికీ తెలిసేలా పెట్టడం మంచి పద్ధతి.

51 శాతం అడిగే పెద్దమనిషి, 10 శాతం అడిగే బృందం

చిన్న ఊళ్లలో తొలి పెట్టుబడి దగ్గరే ఎక్కువ కంపెనీలు దెబ్బతింటాయి. తేమ పరికరం కుర్రాళ్లిద్దరికీ తలా 5,000 షేర్లున్నాయి, మొత్తం 10,000. ఒక పెద్దమనిషి రూ. 15 లక్షలిచ్చి 51 శాతం అడిగాడు. డబ్బు పెట్టేది నేను కాబట్టి పెత్తనం నాదే అన్నది మనకు తరతరాలుగా అలవాటైన లెక్క. దానికి 10,408 కొత్త షేర్లు ఇవ్వాలి, షేరు ధర రూ. 144 పడుతుంది. ఇంకోపక్క నలుగురు ఏంజెల్స్ తలా రూ. 5 లక్షలు వేసి, కంపెనీ ప్రస్తుత విలువ రూ. 1.8 కోట్లని ఒప్పుకుని, 10 శాతం అడిగారు. దానికి 1,111 కొత్త షేర్లు, షేరు రూ. 1,800.

తర్వాత రెండు రౌండ్లలో ప్రతిసారీ 20 శాతం కొత్తవాళ్లకు ఇచ్చారనుకోండి. మొదటి దారిలో ఇద్దరు కుర్రాళ్ల వాటా 49 నుంచి 31.36 శాతానికి, ఒక్కొక్కరికి 15.68కి దిగుతుంది. రెండో దారిలో 90 నుంచి 57.6కి, ఒక్కొక్కరికి 28.8. రెండో రౌండుకు వచ్చే ఫండ్ మొదటి లెక్క చూడగానే వెనక్కి తగ్గుతుంది. రాత్రింబవళ్లు పనిచేయవలసినవాళ్ల చేతిలో సగం కూడా లేకపోతే వాళ్లు ఎంతకాలం ఉంటారన్నది దాని భయం. ఆ ఫండ్ రాకపోతే కంపెనీ పెరగదు, పెద్దమనిషి 51 శాతం విలువా పెరగదు. అంటే ఎక్కువ అడిగి ఆయన నష్టపోయేది కూడా ఉంది. ఈ లెక్క ఆయనకు కాగితం మీద వేసి చూపించడం నాయకుడి పని.

ఇంకో ప్రమాదం ప్లేస్‌మెంట్ల కాలంలో వస్తుంది. ఇద్దరిలో ఒకరికి బెంగళూరు ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే, అతని 5,000 షేర్లు అతని దగ్గరే ఉండిపోతాయి. అందుకే వెస్టింగ్ ఒప్పందం రాసుకోవాలి: షేర్లు నాలుగేళ్లలో నెలనెలా తనవి అవుతాయి, మొదటి ఏడాదిలోపు వెళ్లిపోతే ఏమీ ఉండవు. ఏడాదిన్నరకు వెళ్లినవాడికి 1,875 షేర్లు మిగులుతాయి, 3,125 వెనక్కి వస్తాయి. కాలేజీ ల్యాబులో చేసిన పరికరమైతే పేటెంటు హక్కు కాలేజీదా, కంపెనీదా అన్నది కూడా అప్పుడే రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

భిన్నాభిప్రాయాలు ఎక్కడ

విశాఖ గంటన్నర, రెండు గంటల దూరమే కదా, ఇక్కడ వేరే కేంద్రం దేనికన్నది ఒక వాదన. న్యాయవాదులు, ఫండ్ ప్రతినిధులు, అనుభవమున్న ఉద్యోగులు ఒకచోట గుమిగూడితేనే స్టార్టప్‌లు పెరుగుతాయన్నది దాని బలం. పలాసకు, పార్వతీపురానికి మాత్రం విశాఖ దగ్గర కాదు. పైగా ఫ్యాక్టరీ సమస్య ఫ్యాక్టరీ పక్కనున్నవాళ్లకే అర్థమవుతుంది. తేమ పరికరం లాంటి కంపెనీ మొదటి రెండేళ్లు పలాసలో ఉండి, అమ్మకాల బృందాన్ని విశాఖలో పెట్టుకుంటే తప్పేమీ లేదు.

ప్రభుత్వం ముందుండాలా, వ్యాపారులు ముందుండాలా అన్నది రెండో తగువు. 1993లో ఇజ్రాయెల్ ప్రభుత్వం యోజ్మా పేరుతో 10 కోట్ల డాలర్లు పెట్టి పది ప్రైవేటు ఫండ్లను నిలబెట్టింది. ఒక్కో ఫండ్‌లో తన వాటాను 40 శాతం దగ్గర ఆపింది, ఆ వాటాను అసలూ వడ్డీ ఇచ్చి కొనుక్కునే అవకాశం ప్రైవేటువాళ్లకు ఇచ్చింది. డబ్బు ప్రభుత్వానిది, ఎంపిక మాత్రం మార్కెట్‌ది. ప్రభుత్వ పాత్రను సమర్థించేవాళ్లు దీన్నే చూపిస్తారు. అయితే అప్పటికే అక్కడ ఇంజనీర్లు, పరిశోధనశాలలు పుష్కలంగా ఉన్నాయని, లోటు ఒక్క పెట్టుబడిదేనని రెండో పక్షం గుర్తుచేస్తుంది. మన దగ్గర లోటు ఒక్కటి కాదు. మన దేశంలో కేంద్రం రూ. 10,000 కోట్ల ఫండ్ ఆఫ్ ఫండ్స్‌ను చిన్న పరిశ్రమల బ్యాంకు సిడ్బీ ద్వారా నడుపుతోంది. అది స్టార్టప్‌లకు నేరుగా ఇవ్వదు, సెబీ నమోదున్న ఫండ్లకు ఇస్తుంది. అంటే ముందు నడిచే ఫండ్ ఉండాలి.

అసలు వెంచర్ క్యాపిటలే అక్కర్లేదనే మూడో పక్షం కూడా ఉంది. శ్రీధర్ వెంబు జోహో సంస్థ బయటి పెట్టుబడి లేకుండా ఎదిగి, 2011లో తమిళనాడు తెన్‌కాశి దగ్గర పల్లెలో కార్యాలయం తెరిచింది. లాభాలతో పెరిగిన కంపెనీకి ఎవరి గడువూ ఉండదు, ఎక్కడ ఉండాలో తనే నిర్ణయించుకుంటుంది. మన జిల్లాల్లో పుట్టే వ్యాపారాల్లో చాలావాటికి ఈ దారే సరిపోతుందని నా అంచనా. అయితే జోహో పల్లెకు వెళ్లేటప్పటికే పెద్ద కంపెనీ అన్నది మరువకూడదు.

డబ్బు వెనక్కి వచ్చే దారులు

ప్రైవేటు కంపెనీ షేర్లను బజారులో అమ్ముకోలేం. ఇన్వెస్టరు బయటపడేది తర్వాతి రౌండులో కొత్త ఫండ్ పాతవాళ్ల వాటా కొన్నప్పుడు, లేదా పెద్ద కంపెనీ మొత్తంగా కొనేసినప్పుడు. లాభాల్లో ఉన్న చిన్న కంపెనీ తన మిగులు నిధుల్లోంచి కంపెనీల చట్టం 68వ సెక్షన్ కింద షేర్లు తిరిగి కొనవచ్చు, దానికి పరిమితులున్నాయి. వృద్ధి నెమ్మదైనా లాభాలు నిలకడగా ఉండే ఉత్తరాంధ్ర వ్యాపారాలకు ఇదే ఎక్కువ అక్కరకొచ్చే దారి. లిస్టు కాని షేర్లను 24 నెలలకు మించి ఉంచి అమ్మితే లాభం మీద 12.5 శాతం పన్ను పడుతుంది.

తలా ఐదు లక్షలు పెట్టిన నలుగురు ఒప్పందంలో మరిచిపోకుండా రాయించుకోవలసిన మాట ట్యాగ్-అలాంగ్. వ్యవస్థాపకులు తమ వాటా ఎవరికైనా అమ్మితే, అదే ధరకు, అదే నిష్పత్తిలో తమ వాటా కూడా అమ్ముకునే హక్కు అది. దానితోపాటు మూడు నెలలకోసారి అమ్మకాలు, ఖర్చులు, బ్యాంకులో మిగిలిన సొమ్ము ఒక పేజీలో పంపాలని రాసుకుంటే చాలు. నెలకు రూ. 2 లక్షలు ఖర్చవుతూ ఖాతాలో రూ. 8 లక్షలున్న కంపెనీకి నాలుగు నెలల ఊపిరే ఉంది. తర్వాతి రౌండు తేలడానికి ఆరు నెలలు పట్టవచ్చు కాబట్టి, ఆ కాగితం అందిన రోజే నలుగురూ కూర్చుని మాట్లాడుకోవాలి.